ఫ్యామిలీ ప్లాన్‌లో మొదటి పేరు

"అక్కకివ్వండి మేడం, నేను అక్కతో మాట్లాడతాను" అన్నాను ఫోన్‌లో.

చిక్కడపల్లిలోని ఆ పళ్ళ క్లినిక్ నుంచి ఎప్పుడు ఫోనొచ్చినా నేను మొదట అనే మాట అదే. డెంటల్ క్లినిక్కుల్లో సాఫ్ట్‌వేర్ పెట్టడం, మొరాయిస్తే వెళ్ళి బాగుచెయ్యడం నా ఉద్యోగం. డాక్టర్లతో కంప్యూటర్ సంగతులు మాట్లాడే ఓపిక నాకు లేదు. పన్ను లోపల దారప్పోగంత నరాన్ని వెతికి పట్టుకోగలిగినవాళ్ళు, తెర మీద కళ్ళెదురుగా ఉన్న బటన్ మాత్రం కనపడట్లేదంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. అందుకని ఎక్కడికి వెళ్ళినా కౌంటర్ దగ్గరి మనిషిని పట్టుకుంటాను. చిక్కడపల్లిలో ఆ మనిషి అక్క.

ఆ రోజు డాక్టరమ్మ చెప్పిన ఫిర్యాదు చిన్నదే. ఫ్యామిలీ ప్లాన్‌లో ఉన్న కొందరికి డిస్కౌంట్ రావడం లేదు, వారం నుంచీ ఇదే వరస, కంప్యూటర్ వాళ్ళకి పూర్తి ధర చూపిస్తోంది. అది విని అక్కకివ్వమన్నాను.

"నీకెవరూ చెప్పలేదా అమ్మా? అక్క పోయింది. పదకొండో రోజు కూడా అయిపోయింది."

నేనప్పుడు నారాయణగూడ ఫ్లైఓవర్ కింద బండి ఓ పక్కకి ఆపుకుని మాట్లాడుతున్నాను. ఎదురుగా కూలీల అడ్డాలో ఆ పూట పని దొరకనివాళ్ళు పారలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. వస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ, చాలాసేపు బండి తీయలేకపోయాను.

ఆమె పేరు రాయను. ఆ క్లినిక్‌లో పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. ఆమెకన్నా పెద్దదైన డాక్టరమ్మకి కూడా ఆమె అక్కే.

మొదటిసారి వెళ్ళినప్పుడు మెట్ల పైనుంచి ఆమె గొంతే ముందు వినపడింది. "మెల్లగ ఎక్కు మేడం. మూడో మెట్టు జర పొట్టిగుంటది. ఆ దినం మేస్త్రి తాగొచ్చిండు." నిజంగానే మూడో మెట్టు పొట్టిది. ఆ బిల్డింగ్ కట్టేటప్పుడు ఇటుకలు మోసింది, మెట్లు ఆరిపోకుండా పూటపూటా నీళ్ళు కొట్టింది తనేనని తర్వాత చెప్పింది. పాలమూరు దిక్కు నుంచి కూలికొచ్చిన మనిషి, పని అయిపోయాక అదే బిల్డింగ్‌లో ఊడ్చే పనికి ఉండిపోయింది. ఊడుస్తూ ఊడుస్తూ ఎవరికెప్పుడు రమ్మని చెప్పారో అన్నీ నోటికి చెప్పేస్తుంటే, డాక్టరమ్మ ఓ రోజు చీపురు పక్కన పెట్టించి కౌంటర్‌లో కూర్చోబెట్టారట. ఆమె జీవితం గురించి నాకు తెలిసింది ఇంతే. ఎప్పుడైనా అడిగితే మూడో మెట్టు దగ్గరకే తీసుకొచ్చి మాట ఆపేసేది.

ఇంగ్లీషు చదవలేదు. తెలుగు కూడా కూడబలుక్కుని చదివేది. అయినా నేను నేర్పినవాళ్ళందరిలోకీ ఆమే త్వరగా నేర్చుకుంది. బటన్లని రంగుని బట్టి, ఏ మూల ఉన్నాయో దాన్ని బట్టి గుర్తుపెట్టుకునేది. సేవ్ బటన్ నొక్కే ముందు పైకి "దాస్తున్న" అనేది. ప్రతిసారీ అనేది. ఎదురుగా దవడ పట్టుకుని నిలబడ్డ పేషెంట్ కంగారుపడి "ఏం దాస్తున్నవక్క?" అంటే, "నీ పన్ను. ఎటు పోదు తియ్యి" అని ధైర్యం చెప్పేది.

మనుషులని పేర్లతో కాక పళ్ళతో గుర్తుపెట్టుకునేది. ఇద్దరం కింద చాయ్ తాగడానికి దిగితే బస్‌స్టాప్‌లోంచి ఎవరో ఒకరు దండం పెట్టేవారు. ఎవరక్కా అంటే, "కింది దవడ, ఎడమ దిక్కు, ఆఖరుది. మస్తు ఏడ్చిండు" అనేది. అశోక్‌నగర్‌లో గదులు తీసుకుని నౌకరీ పరీక్షలకి చదివే కుర్రాళ్ళు వస్తే కళ్ళజోడు కాదు, పళ్ళు చూసేది. "రాత్రంత పండ్లు నూరుతున్నవ్. నోటిఫికేషన్ పడలేదా ఏంది?" అని అడిగేది. వాళ్ళు సిగ్గుపడి నవ్వేవారు.

ఆమె నవ్వు మాత్రం ఎవరూ చూసినట్టు లేదు. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం వచ్చేది. మాట్లాడేటప్పుడూ అంతే. కరోనా వచ్చాక కొంగు పోయి మాస్కు వచ్చింది. అందరూ మాస్కులు తీసి పారేశాక కూడా ఆమె తీయలేదు. చాయ్ తాగాలంటే గోడ వైపు తిరిగి తాగేది. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తోంది కదా, శుభ్రం పాటిస్తోందనుకున్నాను. మిగతా క్లినిక్కుల్లో ఆమెని చూసి నేర్చుకోండని చెప్పేదాన్ని కూడా.

ఇక ఆ ప్లాన్ సంగతి. అశోక్‌నగర్ అపార్ట్‌మెంట్లలో కుటుంబాలని రాబట్టుకోవడానికి డాక్టరమ్మకి ఓ ఆలోచన తట్టింది. ఏడాదికోసారి కొంత రుసుము కట్టి చేరితే, ఆ ఇంట్లో వాళ్ళందరికీ ఏడాదికోసారి నోరు ఉచితంగా చూస్తారు. తర్వాత క్లీనింగయినా, ఫిల్లింగయినా, రూట్ కెనాలయినా తక్కువలో చేస్తారు. అదే ఫ్యామిలీ ప్లాన్. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి నేను వెళ్ళాను.

ఇలాంటి ప్లాన్ పెట్టాలంటే గళ్ళు వరసగా నింపుకుంటూ పోవాలి. ప్లాన్ పేరేంటి, ఏ వైద్యానికి ఎంత తగ్గించాలి, ఎన్నాళ్ళు చెల్లుతుంది, ఇంటిపెద్ద ఎవరు, మిగతావాళ్ళు ఆ పెద్దకి ఏమవుతారు. డాక్టరమ్మ లోపల ఒకాయన పన్ను తొలుస్తున్నారు. నేను బయట కంప్యూటర్ ముందు కూర్చుని గడి గడికీ అరిచి అడుగుతుంటే, ఆవిడ మిషన్ మోతలోంచి అరిచి జవాబు చెబుతున్నారు.

"ఒక్కో కుటుంబంలో ఎంతమంది దాకా ఒప్పుకుంటారు మేడం?"

"నలుగురని పెడితే అత్తగారిని వదిలేశారని గొడవలొస్తాయమ్మా! ఎంతమందైనా ఉండనీ!"

నేను ఆ గడి ఖాళీగా వదిలేశాను. వెనక నిలబడి చూస్తున్న అక్క వంగి అడిగింది.

"అది ఏం రాయకుంటె ఏమైతది చెల్లె?" అప్పటికి మేడం పోయి చెల్లెనయ్యాను.

"లెక్కుండదక్కా. ఎంతమందినైనా ఎక్కించుకోవచ్చు."

"ఒంటిగ ఉన్నోళ్ళకు లేదా ఇది?"

"లేదు. ఇంటిపెద్ద, ఆ పెద్ద కింద ఇంకొకరు ఉంటేనే తీసుకుంటది."

ఆమె ఆ ఖాళీ గడి వైపు ఇంకోసారి చూసింది. వెళ్ళి నీళ్ళ సీసా తెచ్చి నా పక్కన పెట్టింది.

ఏ ప్లాన్ పెట్టినా నేనో ఉత్తుత్తి కుటుంబాన్ని తయారుచేసి సరిచూసుకుంటాను. ఆ రోజు ఇంటిపెద్దగా అక్క పేరు కొట్టాను, రెండో పేరు నాది. ఆమెకి నేనేమవుతానని కంప్యూటర్ అడిగింది. "చెల్లె అని పెట్టు" అంది అక్క. పెట్టాను. నా పేరు మీద ఓ దొంగ ఫిల్లింగ్ రాసి చూస్తే డిస్కౌంట్ సరిగ్గా వచ్చింది. "ఈ రెండు పేర్లూ తర్వాత తీసేయక్కా" అని చెప్పి వచ్చేశాను.

ఏడాది తిరిగాక డాక్టరమ్మ ఫోన్ చేశారు. "ఏమ్మా, మీ సాఫ్ట్‌వేర్‌కేమైనా పిచ్చెక్కిందా? ఒక ఇంట్లో మూడు పేజీల జనాన్ని చూపిస్తోంది!"

వెళ్ళి చూశాను. ఇంటిపెద్ద అక్క. రెండో పేరు నాది. దాని కింద మూడు పేజీలు. తాపీపనివాళ్ళు, రంగులేసేవాళ్ళు, ఇటుకలు మోసే ఆడవాళ్ళు, మధ్యలో ఇద్దరు ముగ్గురు అశోక్‌నగర్ గదుల కుర్రాళ్ళు. ప్రతి పేరు పక్కనా ఆమెకి ఏమవుతారో తమ్ముడు, చెల్లె, తమ్ముడు, తమ్ముడు, చెల్లె అని రాసి ఉంది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదని నాకు వెంటనే అర్థమైంది. మౌస్ అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను.

అక్కే ముందుకొచ్చింది. "కంప్యూటర్‌ను ఏమనకుండ్రి మేడం. చెల్లెది గూడ తప్పు లేదు. నేనే ఎక్కిచ్చిన."

"వీళ్ళంతా మీ చుట్టాలా అక్కా?"

"మావోళ్ళే."

"అందరూనా?"

"ఒంటిగ ఉన్నోళ్ళకు లేదంటిరి. వీళ్ళ పెండ్లాం పిల్లలు ఊర్ల ఉంటరు. ఇక్కడ ఒంటిగనే ఉంటరు మేడం. పన్ను నొస్తె ఇంత తంబాకు దవడకు పెట్టుకొని పొద్దుమూకె దాక ఇటుకలు మోస్తరు. నేను గూడ అట్లనే మోసిన. మీ కంప్యూటర్ ఏమంటది, ఇంటిపెద్ద కావాలంటది. నేనున్న గద."

మాస్కు తీయలేదు గానీ ప్రతి మాటా తేటగా వినపడింది. ఉద్యోగం పోవచ్చని ఆమెకి తెలుసు. ఏడాది రుసుము కూడా తనే కట్టి రసీదు దాచుకుంది. నాకప్పుడు ఏడుపొచ్చింది. మానిటర్ వెనక ఏదో వైరు సర్దుతున్నట్టు వంగాను.

డాక్టరమ్మ చాలాసేపు చేతులు కడుక్కున్నారు. తుడుచుకుంటూ వచ్చి మళ్ళీ ఆ మూడు పేజీలూ చూశారు. "అందరూ తమ్ముళ్ళూ చెల్లెళ్ళేనా? మీ ఇంట్లో ఒక్క బాబాయి కూడా లేడా అక్కా?"

"బాబాయిలకు పండ్లుండవు మేడం."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయారు. పేర్లు అలాగే ఉండనిచ్చారు. ఒక్క షరతు పెట్టారు. పేరుంటే చాలదు, ఏడాదికోసారి ప్రతి ఒక్కరూ వచ్చి కుర్చీలో కూర్చుని నోరు చూపించుకోవాలి. నొప్పి వచ్చాకే పరుగెత్తుకొచ్చేవాళ్ళకి తను చేయగలిగేది తక్కువని చెప్పి, ఆ మాట కంప్యూటర్‌లో పెట్టమన్నారు. నేను పెట్టాను. పరీక్ష జరగనివాళ్ళ పేరు పక్కన ఎర్రగుర్తు కనిపిస్తుంది. ఆ కుటుంబం పేజీ తెరిచినప్పుడల్లా ఫలానా వారికి పరీక్ష జరగలేదని తెర మధ్యలో ఓ పెట్టె వచ్చి నిలబడుతుంది. దాన్ని మూస్తే గానీ ముందుకి పోనివ్వదు.

ఆ ఎర్రగుర్తులతో అక్క యుద్ధమే చేసింది. ఓ రోజు పొద్దున్నే అంబర్‌పేట్ నుంచి వస్తూ అడ్డా దగ్గర ఆమెని చూశాను. బస్సు మధ్యలో దిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఓ తాపీ మేస్త్రి గడ్డం పట్టుకుని మొహం ఎండ వైపు తిప్పుతోంది. "నోరు తెరువు. ఇంకింత తెరువు. ఏందిది, దవడ లోపట తెల్లగ? ఎన్ని దినాలైంది? తంబాకు అదే దిక్కు పెడ్తున్నవ్ గద?" ఆయన ఏదో అనబోతుంటే, "మాట్లాడకు, నడువు" అని బస్సెక్కించింది. పనిపోతుందని అతను గోల. "నేను మాట్లాడ్త మీ సేటుతోని" అని ఈమె. బస్సులోవాళ్ళంతా చూస్తున్నారు.

ఆ మచ్చ మంచిది కాదని డాక్టరమ్మ చెప్పారు. తొందరగా దొరికింది కాబట్టి పెద్దాసుపత్రిలో చిన్న కోతతో తీసేశారు. ఆ మేస్త్రి ఇప్పటికీ పని చేసుకుంటున్నాడు. డాక్టరమ్మ చూస్తుండగా చూసి, దవడ లోపల ఏది మామూలు మచ్చో ఏది కాదో అక్క నేర్చుకుంది. ఆ సంగతి తలచుకున్నప్పుడే నాకు ఎక్కువ బాధగా ఉంటుంది. ఆమెకి తెలుసు.

ఏడాది గడిచేసరికి మూడు పేజీల్లో ఎర్రగుర్తులన్నీ పోయాయి. రెండు మిగిలాయి. మొదటి పేరు, రెండో పేరు.

ఏదో ప్రింటర్ పని మీద వెళ్తే అక్క పట్టుకుంది. "చెల్లె, మనిద్దరి పేర్లే ఒర్రుతున్నయి. తెరిసినప్పుడల్ల పెట్టె అడ్డమొస్తుంది. పేషెంట్లు చూసి అడుగుతున్నరు. ఆ లొల్లి బంద్ చెయ్యి."

"నా పేరు తీసేయమన్నాను కదక్కా అప్పుడే."

"ఇంట్ల నుంచి పేరు కొట్టేస్తరా ఎవరన్న?"

"మరి నువ్వొకసారి కూర్చోరాదు. మేడం లోపల ఖాళీగనే ఉన్నరు. నిమిషం పని."

ఆమె లోపలి గది వైపు చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది, పైన లైటు వెలుగుతోంది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. ఆ లైటు కింద ఆమె ఎంతమందిని కూర్చోబెట్టిందో, ఎంతమంది చేతులు పట్టుకుని నిలబడిందో.

"నువ్వు కూసుంటె నేను గూడ కూసుంట" అంది.

ఇది నేనెవరికీ చెప్పలేదు. పళ్ళ డాక్టర్లకి సాఫ్ట్‌వేర్ పెట్టే నాకు ఆ కుర్చీ అంటే భయం. చిన్నప్పుడెప్పుడో పన్ను పీకించుకున్న భయం ఇంకా పోలేదు. వారానికి పది క్లినిక్కులు తిరుగుతాను, ఆ కుర్చీ వైపు వీపు పెట్టి కూర్చుంటాను. అక్క నిజంగా అడిగిందా, నన్ను ఆటపట్టించిందా అని ఆలోచించలేదు. "ఇంకోసారి కూర్చుందాం అక్కా, నారాయణగూడలో ఇంకో క్లినిక్ ఉంది, లేటయితది" అన్నాను.

ప్రతి మనిషి పేజీలోనూ అడుగున ఓ చిన్న గడి ఉంటుంది. "గుర్తు చేయవద్దు" అని రాసి ఉంటుంది. ఆమె పేజీలో టిక్కు పెట్టాను, నా పేజీలో టిక్కు పెట్టాను. పెట్టె రావడం ఆగిపోయింది, ఎర్రగుర్తులు మాయమయ్యాయి. "దాస్తున్న" అంటూ సేవ్ ఆమే నొక్కింది. మూడో మెట్టు చూసుకుని దిగమని వెనకనుంచి చెప్పింది.

ఆ తర్వాత పనులన్నీ ఫోన్‌లోనే అయిపోయేవి. మళ్ళీ కలిసింది ఒక్కసారే, ఈమధ్యే. కింద చాయ్ తాగుతున్నాం. ఆమె కప్పు చేతిలో పట్టుకుని కూర్చుంది, తాగడం లేదు. పైన మీగడ కట్టింది. సల్లగైనంక తాగుతానంది. మాట కొంచెం ముద్దగా వచ్చింది. మాస్కు వల్ల అనుకున్నాను. సమోసా ఇస్తే వద్దంది, "కారం తినబుద్దయితలేదు" అంది. చిక్కిపోయావేంటక్కా అంటే, "మెట్లు ఎక్కి దిగి" అంది. నేను నమ్మాను. నమ్మకపోతే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది కాబట్టి నమ్మానేమో కూడా.

ఫోనొచ్చిన రోజు మెట్లు ఎక్కుతుంటే మెల్లగ ఎక్కమనే గొంతు పైనుంచి వినపడలేదు. మూడో మెట్టు దగ్గర కాలు తడబడింది.

డాక్టరమ్మే కౌంటర్‌లో కూర్చుని ఉన్నారు. గుంటూరు వైపు నుంచి వాళ్ళ తాతల కాలంలో వచ్చి అశోక్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి. ఆ రోజు దగ్గరికి వంగితే గానీ వినపడలేదు. బెంచీ మీద ఓ రంగులేసే ఆయన కూర్చుని ఉన్నాడు. చొక్కా మీద సున్నం మరకలు, కుడి దవడ ఉబ్బి ఉంది, తువ్వాలు తడిపి అదిమిపెట్టుకున్నాడు.

"ఓ రోజు కౌంటర్ దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయిందమ్మా" అన్నారు డాక్టరమ్మ. "ఊపిరాడట్లేదని మాస్కు నేనే తీశాను. అప్పుడు చూశాను. దవడ లోపలంతా పుండు. మెడ దాకా దిగింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే చేతులెత్తేశారు. ఇరవై ఏళ్ళు నా పక్కనే ఉంది. రోజుకి ఎంతమందిని నోరు తెరవమంటానో. అక్కని ఒక్కసారి కూడా అనలేదు."

"ఆమెకి తెలుసు కదా మేడం? చెప్పొచ్చు కదా?"

"అడిగాను. నోట్లోంచి మాట రావట్లేదు అప్పటికే. వంకరటింకర అక్షరాలతో చీటీ మీద రాసింది. తంబాకు మానలేదట. అందరికీ మానమని చెప్పి, తను మానలేదని సిగ్గట. నా ముందు నోరు తెరవడానికి సిగ్గుపడిందమ్మా."

ఆ గడిలో టిక్కు పెట్టింది నేనని చెప్పలేకపోయాను. కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

జరిగింది తేలికగానే తెలిసింది. డాక్టరమ్మ అక్క పేజీలో చనిపోయినట్టు రాశారు. ఇంటిపెద్ద చనిపోతే ఆ కుటుంబం ప్లాన్ మొత్తం ఆగిపోతుంది. కింద మూడు పేజీలలో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అందరూ ఒక్కసారే బయటి మనుషులైపోయారు. వారం రోజుల్లో వచ్చినవాళ్ళు పూర్తి ధర విని, మళ్ళీ వస్తామని మెట్లు దిగిపోయారట. మళ్ళీ రాలేదు.

"నేను చేత్తో తగ్గించి ఇవ్వగలను" అన్నారు డాక్టరమ్మ. "కానీ రేపు ఇక్కడ ఇంకెవరో కూర్చుంటారు. వాళ్ళకి వీళ్ళెవరో తెలియదు. కంప్యూటర్ చెప్పిందే చెబుతారు. వీళ్ళు మన వాళ్ళని అక్కడ రాసి ఉండాలమ్మా."

కొత్త పెద్దని ఎంచుకోండి అని అడుగుతోంది కంప్యూటర్. చేరిన వరస ప్రకారం పేర్లు చూపిస్తోంది. మొదటిది నాది. పక్కన చెల్లె అని ఉంది. ఏటా అక్క అందరితో పాటు నా పేరు కూడా కొనసాగిస్తూ వచ్చింది.

డాక్టరమ్మ ఆ పేరు చదివి నావైపు తిరిగారు. "ఇది నువ్వేనా?"

"నేనే మేడం."

నా పేరే ఎంచుకున్నాను. పాత ఇంటిపెద్ద మీకేమవుతారని కంప్యూటర్ అడిగింది. అక్క అని కొట్టాను. ఆగిపోయి బూడిదరంగులో ఉన్న మూడు పేజీల పేర్లూ మళ్ళీ నల్లగా వచ్చాయి. వాళ్ళు నాకేమవుతారో కొత్తగా రాయాల్సిన అవసరం లేకపోయింది. ఆమెకి తమ్ముడైనవాడు నాకూ తమ్ముడే.

"అన్నా, నీ పేరొచ్చింది" అన్నాను బెంచీ మీద ఆయనతో. "లోపలికి పో."

ఆయన లేచి, కౌంటర్ వైపు చూసి ఆగాడు. "అక్క లేదా ఇగ?"

"లేదన్నా."

తువ్వాలు దవడ మీంచి తీసి కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళాడు.

ఆయన పని అయ్యేదాకా నేను అక్క పేజీ తెరిచి చూస్తూ కూర్చున్నాను. ప్రతి మనిషి పేజీలోనూ ముప్పై రెండు పళ్ళ బొమ్మ ఉంటుంది. చూసిన పన్నుకల్లా ఓ రంగు, ఓ గుర్తు ఉంటాయి. ఆ మూడు పేజీల మనుషుల బొమ్మలన్నీ రంగురంగులుగా ఉన్నాయి, అవన్నీ ఆమె వేలితో నొక్కి పెట్టిన రంగులే. ఆమె బొమ్మలో ముప్పై రెండు పళ్ళూ తెల్లగా, ఖాళీగా ఉన్నాయి. అడుగున నా టిక్కు ఉంది.

ఆ టిక్కు తీసేశాను. నా పేజీలోదీ తీసేశాను. పెట్టె వచ్చి తెర మధ్యలో నిలబడింది. మూడేళ్ళ తర్వాత రెండు పేర్లూ మళ్ళీ ఎర్రగా వచ్చాయి.

రంగులాయన బయటికొచ్చాక డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చారు. "అయిపోయిందా అమ్మా నీ పని?"

"ఇంకొకటుంది మేడం. నా నోరు చూడండి."

కుర్చీలో కూర్చున్నాను. లైటు కళ్ళలో పడింది. చేతులు కుర్చీ అంచులని పట్టుకుని ఉండిపోయాయి. ఇలాంటప్పుడు అక్క వచ్చి పక్కన నిలబడేదని, చెయ్యి పట్టుకునేదని గుర్తొచ్చి, డాక్టరమ్మ ఇంకా అద్దం కూడా పెట్టకముందే ఏడ్చేశాను. ఆవిడ ఆగి, నేను కళ్ళు తుడుచుకున్నాక అద్దం పెట్టారు. పళ్ళు రెండు నిమిషాల్లో చూసేశారు. దవడ లోపల మాత్రం చాలాసేపు చూశారు. ఓ పక్క చూసి, రెండో పక్క చూసి, నాలుక ఎత్తమని కింద చూసి, మళ్ళీ మొదటి పక్క చూశారు.

"ఏం లేదు" అన్నారు. "బాగుంది. ఏం లేదు."

బయటికొచ్చి నా పేజీలో పరీక్ష జరిగినట్టు రాశాను. సేవ్ నొక్కే ముందు "దాస్తున్న" అన్నాను. నా పేరు మీది ఎరుపు పోయింది. ఆమెది అలాగే ఉంది.

"ఆ పెట్టె ఇంకా వస్తూనే ఉందేంటమ్మా?" అన్నారు డాక్టరమ్మ వెనకనుంచి. "అక్క పేరు మీద. ఆపడానికేదో ఉంటుంది కదా?"

"ఉంది మేడం" అన్నాను. "నేను ఆపను."